యవనరాజుల వెండి నాణెములమీఁది ప్రాకృతము

వాహ్లీక గాంధార పంచనద దేశముల నేలిన యవనరాజుల వెండి నాణెములు పెక్కింటికి రెండు ముఖములయందు రెండు భాషలు గలవు. ఒక ముఖమున రాజు శిరోబింబమును, దానిచుట్టు యవనభాషలో బిరుదనామములును ఉండును. రెండవ ముఖమున నొక దేవతామూర్తియు, దానిచుట్టు ఖరోష్ఠీలిపిలోఁ బ్రాకృతవాక్యమును ఉండును. మేనంద్రుని నాణెమున యవనవాక్యము "బసిలెఓస్ సోతేరోస్ మెనంద్రూ" యనియు, ప్రాకృతవాక్యము "మహరజస త్రతరస మెనంద్రస" యనియు నున్నవి. రెండును షష్ఠ్యంతములే. రాజును రక్షకుఁడును నగు మేనంద్రునిది యని తాత్పర్యము. ఈ ప్రాకృతవాక్యమును విద్యార్థులకుఁ జెప్పునపుడు "మహారాజస్య త్రాతుర్మేనన్ద్రస్య" యని సంస్కృతీకరించి, మూలరూపమును విడిచిపెట్టుట పండితులలోఁ బలువురకు నలవాటు. ఈ దిద్దుబాటు నిర్దోషమైనట్లు కనఁబడును. కాని యది నాణెము చెప్పుచున్న సాక్ష్యమును జెఱుచునని నా యభిప్రాయము. దానిని నిరూపించుటకే యీ వ్యాసము.

పరదోషముఁ జెప్పుటకు ముందు స్వదోషమును ఒప్పుకొనుట న్యాయము. ఇరువదియేండ్ల క్రిందట నొక విద్యార్థి తాను వ్రాసిన వ్యాసమున "త్రతరస" యను రూపము నుంచఁగా, నేను దానిని ఎఱ్ఱసిరాతోఁ గొట్టివేసి "త్రాతుః" అని దిద్దితిని. "అయ్యవారూ, నాణెముమీఁద నట్లే యున్నది" అని యాతఁడు వినయముతో ననెను. "నాణెము తప్పినచో మనమును దప్పవలెనా?" యంటిని. ఆతఁడు మాఱుపలుకక వెడలిపోయెను. తరువాతఁ గొన్నేండ్లకుఁ బ్రాకృతవ్యాకరణమును శ్రద్ధతోఁ జదివినపుడు, తప్పినది నాణెము గాదు, నేనే యని తెలిసినది. ఆనాఁడు ఆతనికి జెప్పవలసిన సమాధానమును ఇప్పుడు వ్రాయుచున్నాను.

పూర్వపక్షము

నాణెపు ముద్రలను జెక్కినవారు యవనశిల్పులు. వారికి దేశభాష రాదు. కాఁబట్టి వారు వ్రాసిన రూపములు అపశబ్దములు. వానిని సంస్కృతముగా దిద్దుకొని చదువుటయే యుక్తము. ఇది పూర్వపక్షము. ఇందు మూఁడంశములు గలవు. రూపములు నియమరహితములా? అనువాదము తెలియనివారు చేసినదా? భ్రష్టమైనది ప్రాకృతముఖమేనా? ఈ మూఁటిని వరుసగా విచారింతము. అంతకుముందు ఈ వాక్యములు నాణెములపై నెట్లు వచ్చినవో తెలిసికొనవలయును.

ద్విభాషానాణెముల పుట్టుక

వాహ్లీకమున యవనరాజులు క్రీ. పూ. 3వ శతాబ్ది మధ్యమునుండి ముద్రించిన వెండి నాణెములు ఆథెన్సు తూనిక ననుసరించినవి. అందుఁ జతుర్ద్రఖ్మ యించుమించు 17 గ్రాముల బరువుండును. వానిపై యవనభాష మాత్రమే కలదు. వారు హిందూకుశపర్వతము దాఁటి దక్షిణమునకు వచ్చిన పిదపఁ దూనికయు భాషయుఁ గూడ మాఱినవి. ఇచట ద్రఖ్మ సుమారు 2.45 గ్రాములు, చతుర్ద్రఖ్మ సుమారు 9.8 గ్రాములు. ఈ ద్రఖ్మశబ్దమే మన గణితగ్రంథములలోని ద్రమ్మశబ్దమునకు మూలము. భాస్కరాచార్యుని లీలావతిఁ జదివినవా రీ మాట నెఱుఁగుదురు.

దేశభాషను నాణెమున కెక్కించిన తొలి యవనరాజులలో అగథోక్లెసు ఒకఁడు. 1970వ సంవత్సరమున ఆఫ్ఘనిస్తానములోని అయ్ ఖానుం అనుచోటఁ ద్రవ్వకములు జరిపిన ఫ్రెంచి పురావస్తుశాఖవారికి ఆతని వెండి ద్రఖ్మలు ఆఱు దొరకినవి. వానిపై నొకవైపున హలముసలములు ధరించిన సంకర్షణుఁడును, రెండవవైపునఁ జక్రధారియగు వాసుదేవుఁడును గలరు. ఒకవైపు యవనవాక్యము, రెండవవైపు బ్రాహ్మీలిపిలో "రజనే అగథుక్లయస" యను వాక్యము. మన దేవతల మూర్తులకు నాణెములకంటెఁ బూర్వపు నిదర్శనము లరుదు గనుక నివి మూర్తిశాస్త్రమునకుఁ బెన్నిధులు. అనంతరము మొదటి అపొల్లొదొతుఁడు ఏనుఁగును మూఁపురపుటెద్దును ముద్రించి, "మహరజస అపలదతస త్రతరస" యని ఖరోష్ఠిలో వ్రాయించెను. అప్పటినుండి క్రీస్తుశకారంభప్రాంతమువఱకు, నించుమించు రెండు శతాబ్దులు, ఈ పద్ధతి నిలిచినది.

ఇచట నొక విశేషము గమనింపఁదగును. 1946వ సంవత్సరమున ఆఫ్ఘనిస్తానపు కుందుజ్ ప్రాంతమున 600లకుఁ బైగా వెండి నాణెముల నిధి యొకటి బయల్పడినది. అందు హిందూకుశమునకు దక్షిణమున నేలిన యవనరాజుల నాణెములును ఆథెన్సు తూనికలో యవనవాక్యము మాత్రమే కలిగి యున్నవి. అమింతుఁడను రాజువి యిరువది ద్రఖ్మల తూనిక గల పెద్ద వెండి నాణెములు సైతము అందుఁ గలవు. ఆ రాజే దక్షిణమునఁ జెల్లు నాణెములపై "మహరజస జయధరస అమితస" యని ప్రాకృతమును వ్రాయించెను. ఉత్తరమునకుఁ బంపు వెండిపైఁ బ్రాకృతము లేదు. దక్షిణమున నిలుచు వెండిపైఁ గలదు. కాఁబట్టి ప్రాకృతవాక్యము అలంకారమునకై పెట్టినది గాదు. చదువువారు గలరని తెలిసి పెట్టినది.

శబ్దరూపవిచారము

ఇఁక "త్రతరస" యను రూపమునకు వత్తము. ఖరోష్ఠీలిపి కుడినుండి యెడమకు నడచునది. అందు దీర్ఘాచ్చులకు వేఱు గుఱుతులు లేవు. కావున వ్రాఁతను బట్టి త్రతరయో త్రాతారయో చెప్పఁజాలము. దీనికి బ్రాహ్మీలిపిలోనే నిర్ణయము దొరకును. విదిశకడ బేస్‌నగరమున గరుడస్తంభ మొకటి కలదు. తక్షశిలావాసియు, దియునిపుత్రుఁడును, భాగవతుఁడును నగు హెలియోదొరుఁడు దానిని వాసుదేవునకై నిలిపెను. ఆతఁడు అంతలికితుఁడను యవనరాజునొద్దనుండి కాశీపుత్ర భాగభద్రరాజునొద్దకు వచ్చిన దూత. అందలి బ్రాహ్మీశాసనమున భాగభద్రునికి "త్రాతారస" యని విశేషణము కలదు. ఇచట దీర్ఘములు స్పష్టములు. నాణెముమీఁది బిరుదు దూతవెంట విదిశకు వచ్చి యొక భారతీయరాజునకు విశేషణమైన దనుటకు వేఱు సాక్ష్య మేల?

త్రాతార యనునది అపశబ్దమా? వరరుచి ప్రాకృతప్రకాశమున ఋకారాంతశబ్దములకు సుప్పులు పరమగునపుడు "ఆర" యను నాదేశము విధింపఁబడినది. భర్తృశబ్దము భత్తార యగుట యిందులకు లక్ష్యము. ఈ లక్షణము ననుసరించి త్రాతృశబ్దము త్రాతార యగును. షష్ఠి యందు త్రాతారస యగును. నేఁటికిని పంచనదదేశీయులు కర్తృశబ్దమును "కర్తార్" అనియే వ్యవహరింతురు. కర్తార్‌పురమను పేరు విననివా రుండరు. నాణెము ముద్రితమైన నేలయందే, రెండువేల యేండ్ల తరువాతను, ఆ ప్రక్రియ జీవించి యున్నది. దీనిని దప్పనుట యెట్లు?

మఱియొక సూక్ష్మము. ప్రాకృతమున "ఆర" యాదేశము త్రాతృ కర్తృ భర్తృ ప్రభృతులకే గాని పితృ భ్రాతృ జామాతృ శబ్దములకు లేదు. వానికి వేఱు రూపములు గలవు. కడపటి స్త్రతరాజుల నాణెములపై యవనుల "ఫిలొపతోర్" అను బిరుదునకు "ప్రియపిత" యను ననువాదము కలదు. ప్రియుఁడైన తండ్రి యెవనికో వాఁడని బహువ్రీహి. సంస్కృతమున ఋకారాంతబహువ్రీహికిఁ గప్ప్రత్యయము నిత్యము గనుక "ప్రియపితృక" యనవలెను. నాణెము కప్పును విడిచినది గాని, పితృశబ్దమునకు "ఆర" యాదేశముఁ జేయలేదు. ఒకే వాక్యమున "త్రతర" యనియు "ప్రియపిత" యనియు వ్రాసినవాఁడు ఋకారాంతముల భేదము నెఱిఁగినవాఁడు. భాష రాని శిల్పి కిది యెట్లు తోఁచును?

"ధ్రమికస" యను రూపమును జూచి నగువారును గలరు. ధార్మికశబ్దమునందలి రేఫము మున్ముందునకు జరుగుట గాంధారప్రాకృతమున సామాన్యలక్షణము. షాబాజ్‌గఢీ శాసనమున అశోకుని ధర్మము "ధ్రమ" యనియే యున్నది. కర్మ "క్రమ" యగుటయు నిట్టిదే. మఱియు త్ర, ప్ర మొదలగు సంయుక్తములు ఇతరప్రాకృతములయందు రేఫమును గోల్పోవఁగా, గాంధారిలో నిలిచియుండును. త్రతరయందలి త్రకారమున కిదియే హేతువు. కాఁబట్టి యీ రూపములు సంస్కృతమును గావు, సామాన్యప్రాకృతమును గావు, గాంధారదేశపు జీవద్భాష. పాణిని జన్మించిన శలాతుర మా దేశమునందే కలదు. రూపము కొట్టఁబడిన లోహమునకు "రూప్య" మని వ్యుత్పత్తిఁ జెప్పిన యాచార్యుని నేలలో, కొన్ని శతాబ్దుల తరువాత జనులు మాటలాడిన భాష యెట్టిదో యా రూప్యమే చెప్పుచున్నది. మనము దిద్దుకొన్నచో నా మాట వినఁబడదు.

అనువాదవిచారము

బిరుదములను యవనభాషనుండి ప్రాకృతమునకుఁ దెచ్చినవాఁడు మూఁడు విధములఁ బ్రవర్తించినాఁడు. మొదటిది పదచ్ఛేదమును బట్టి చేయు ననువాదము. తెలిఫుఁడను రాజు బిరుదు "ఎవెర్గెతూ". ఇందు "ఎవ్" అనఁగా మేలు; "ఎర్గ్" అనఁగాఁ బని. ప్రాకృతమున "కలనక్రమస". ఇది కల్యాణకర్మన్ శబ్దము. మేలునకుఁ గల్యాణము, పనికిఁ గర్మ. సమాసమునకు సమాసము, అవయవమున కవయవము సరిపోయినవి. "నికెఫోరూ" అనఁగా విజయమును దాల్చినవాఁడు. దానికి "జయధరస" యను నుపపదసమాసము నట్టిదే.

రెండవది తాత్పర్యమును బట్టి చేయు ననువాదము. లిసియుఁడును ఫిలొక్సెనుఁడును "అనికేతూ" అను బిరుదు ధరించిరి. జయింపఁబడనివాఁడని దాని యర్థము. అజిత, అజేయ శబ్దములు సులభములై యుండఁగా ననువాదకుఁడు వానిని విడిచి "అపడిహతస" యనెను. అప్రతిహతుఁ డనఁగా నెదురు లేనివాఁడు. రథమునకో యాజ్ఞకో యడ్డు లేకుండుటయే రాజునకు గౌరవమను దేశీయభావ మందుఁ గలదు. అట్లే "ఎపిఫనూస్" అను బిరుదునకు "ప్రచఛస", అనఁగాఁ బ్రత్యక్షశబ్దము, వాడఁబడినది. దేవుఁడు కంటి కగపడుట యని యవనుల భావము. ప్రత్యక్షదైవమను మాట నేఁటికిని మన నోళ్ల నున్నది గదా.

మూఁడవది రూఢపదస్వీకారము. నికెఫోరుఁడన్నను నికతోరుఁడన్నను నాతఁడు "జయధర" యనియే వ్రాయును. యవనభాషలో "మెగలూ" అను మహత్త్వవాచక మున్నను లేకున్నను "బసిలెఓస్" అను పదమునకు ఖరోష్ఠిలో "మహరజస" యనియే యుండును. హిప్పొస్త్రతుని నాణెములపై "మహతస" యని వేఱుగాఁ జేర్పఁబడుటచే, మహారాజశబ్దమునందలి మహచ్ఛబ్దము బిరుదునకు అనువాదము గాదని తేలుచున్నది. రెండవ అపొల్లొదొతుఁడు యవనముఖమునఁ బితృప్రియుఁడనని చెప్పుకొన్నను, ప్రాకృతముఖమున నా బిరుదము అనూదితము గాలేదు.

"దికయూ" అను పదమునకు "ధ్రమికస" యనుటఁ గొంద ఱాక్షేపింతురు. యవనపదము న్యాయవర్తనమును మాత్రమే చెప్పును, ధర్మము దానికంటె విస్తృతమని వారి వాదము. ఆక్షేపము సత్యమే. 1958వ సంవత్సరమునఁ గందహారమున దొరకిన యశోకశాసనమున, యవనభాషలో ధర్మమునకు "ఎవ్సెబెయ" యను, భక్తిని జెప్పు పదము వాడఁబడినది. యవనునకు ధర్మమును జెప్పవలసివచ్చినపుడు భక్తి. దేశీయునకు న్యాయమును జెప్పవలసివచ్చినపుడు ధర్మము. రెండుచోట్లను ననువాదకుఁడు శ్రోత హృదయమున నప్పటికే గౌరవముతో నున్న పదమును వెదకికొన్నాఁడు. ఇది యజ్ఞానము గాదు, భాషాంతరీకరణమునందలి వివేకము.

నామధేయములయందును వివేకము కలదు. "మెనంద్రూ" అను షష్ఠ్యంతమును యథాతథముగా నెత్తుకొనక, ప్రాతిపదికమును వేఱుచేసి, దేశీయప్రత్యయమును జేర్చి "మెనంద్రస" యనెను. "స్త్రతోనోస్" అను షష్ఠినుండి నకారమును దొలఁగించి "స్త్రతస" యనెను. రాజన్ శబ్దము రాజయగుటకు అలవడిన చెవి కిది సహజము. అపొల్లొదొతుఁడనఁగా అపొల్లో యను దేవునిచే నీయఁబడినవాఁడు. "అపలదత" యని వ్రాయుటచేఁ దుది భాగము దత్తశబ్దపు ప్రాకృతరూపముతో నేకమైనది. దేవదత్తాదులయందువలె ధ్వనియు నర్థమును గలిసినవి. పాలిభాషలోని మిలిందపఞ్హమున మేనంద్రుఁడు మిలిందుఁడైనాఁడు. నాణెములు మాత్రము రాజు ముఖతః విన్న పేరును వ్రాసినట్లున్నవి.

భ్రష్టమైన దెయ్యది?

మూఁడవ యంశము సులభముగాఁ దీఱును. కాలము గడచినకొలఁదిఁ జెడినది యవనముఖమే. హెర్మాయుని పేర నాతని యనంతరమున ముద్రితమైన రాగి నాణెములపై "సోతేరోస్" అను బిరుదు "స్తేరోస్సు" అను నర్థరహితాక్షరసమూహముగా మాఱినది. దానిని జూచి పూర్వము కొందఱు విద్వాంసులు క్రొత్త బిరుదములు గల్పించిరి. ఖరోష్ఠీవాక్యము స్థిరముగా నిలిచినది. 1830 ప్రాంతముల జేమ్సు ప్రిన్సెపు, చార్లెసు మాసను అందించిన సూచనలతో ఖరోష్ఠీవర్ణములను గుర్తింపఁగలుగుటకు, ఆ వాక్యములు యవనవాక్యములకు నిలుకడగా సరిపోవుటయే కారణము. అవి యపశబ్దరాశియైనచో నా లిపి యట్లు తెఱచుకొనెడిది గాదు.

యవనరాజుల చరిత్రమును 1938లో వ్రాసిన టార్ను వారిని యవనలోకపుఁ జరిత్రలో భాగముగాఁ జూచెను. 1957లో అవధ కిశోర నారాయణుఁడు వారిని భారతచరిత్రలో భాగముగాఁ జూచెను. ఇరువురును నాణెములనే యాధారములుగాఁ గొనిరి. నా కల్పమతికిఁ దోఁచునది యిది: ఒక్క ముఖమునే చదివినవాఁ డా నాణెమును జదివినవాఁడు గాఁడు.

దక్షిణాపథమున

ఈ నాణెపుఁ బద్ధతి మన దేశమువఱకు వచ్చినది. క్రీస్తుశకపు 1వ శతాబ్దినాఁటి యెఱ్ఱసముద్రపర్యటనగ్రంథమున, అపొల్లొదొతుని మేనంద్రుని ద్రఖ్మలు భరుకచ్ఛమున నింకను జెల్లుచున్నట్లు చెప్పఁబడినది. ఆ వెండినే యాదర్శముగాఁ గొని పశ్చిమక్షత్రపులు నాణెములు ముద్రించిరి. నహపానుని నాణెములపై యవనాక్షరములు గలవు గాని భాష ప్రాకృతమే. యవనలిపిలో ప్రాకృతవాక్యమును వ్రాసిరి. తరువాతివారికి నా యక్షరములు చుట్టును దీర్చిన రేఖలుగా మాత్రమే మిగిలినవి. 1906వ సంవత్సరమున నాసికమండలమున జోగల్‌తెంబీయందు దొరకిన 13,000కుఁ బైఁబడిన నహపానుని నాణెములలో 9,000కుఁ బైగా నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను దిరుగఁ గొట్టించెను.

ఆతని కుమారుఁడగు పుళుమావి రాజబింబముతో వెండి నాణెములు ముద్రించెను. అందొకవైపు "రఞో వాసిఠిపుతస సిరి పుళుమావిస" యని ప్రాకృతము. రెండవవైపు "అరహణకు వాహిట్టి మాకణకు తిరు పుళుమావికు" అని ద్రావిడభాష. యవనభాష యున్న స్థానమునకు దక్షిణభాష వచ్చినది. దీనిని దమిళమనువారు కలరు. దక్షిణమున నాఁడు వ్యవహారమందున్న మఱియొక ద్రావిడభాష యనువారును గలరు. పుత్రవాచకము "మాకణ" యగుటచే దీనిని దెలుఁగని తొందరపడి చెప్పుట తగదు. స్వభాషాభిమానమున సాక్ష్యమును దిద్దుటయు, సంస్కృతాభిమానమున దిద్దుటయు నొక్కటే దోషము.

అయినను దెలుఁగు బాలుఁడు సైతము గుర్తింపఁగల సంగతి యొకటి యిందుఁ గలదు. ప్రాకృతమున "స" యను షష్ఠీప్రత్యయ మున్న ప్రతిస్థానమున ద్రావిడవాక్యమున "కు" కలదు. సంస్కృతసంస్కారము గలవాఁడు "కు" ప్రత్యయమును జూచి చతుర్థి యనును; షష్ఠికిఁ జతుర్థి వ్రాసిన యనువాదకుఁడు తప్పినాఁడనును. కాని మన పాఠశాలలలో బాలురు వల్లించునది యేమి? కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ అనునవి షష్ఠి. చతుర్థి కొఱకున్, కై అనునవి. దశరథునకుఁ గుమారుఁడని మనమనుచున్నాము గదా. ప్రాకృతమునందును జతుర్థికి షష్ఠియే వచ్చును. కాఁబట్టి శాతవాహనుల యనువాదకుఁడు తప్పలేదు. యవనరాజుల యనువాదకునివలె నాతఁడును తన భాష స్వభావమును బట్టి సరియైన ప్రత్యయమునే యుంచెను. "కు" వర్ణమును జెఱిపి, సంస్కృతచ్ఛాయను మాత్రమే యుంచితిమేని, ద్రావిడవిభక్తిచరిత్రమునకుఁ దొలినాఁటి సాక్ష్యములలో నొకటి మన చేతులారఁ బోఁగొట్టుకొందుము.

ఉపసంహారము

ఛాయ వ్రాయవలదని నేననుట లేదు. ఛాయ యర్థబోధకు సాధనము. వస్తువునకు బదులు గాదు. నాణెపు వాక్యములను బోధించువారు మొదట యవనవాక్యమును, పిదప నాణెమున నున్న ప్రాకృతరూపమును యథాస్థితముగా, తుదకు సంస్కృతచ్ఛాయను, ఈ మూఁటిని మూఁడు వరుసలుగా వ్రాయుదురుగాక. మొదటి రెండు వరుసలు సాక్ష్యము. మూఁడవది మన వ్యాఖ్యానము. గోశబ్దమునకు గావీ గోణీ మొదలగు నపభ్రంశముల నేకరువు పెట్టిన పతంజలియు, తా నంగీకరింపని రూపములను యథాతథముగానే వ్రాసియుంచెను, దిద్ది దాఁచలేదు. ఆ యాచార్యుని సంప్రదాయమువారమగు మనకుఁ బూర్వుల మాటను బూర్వుల మాటగానే వినుట విధి. ఆ విద్యార్థి యిప్పు డెచట నున్నాఁడో, ఈ పత్రిక యాతని కందునో లేదో. ఆతని వ్రాఁతయే సాధువని యీ ముఖమున నంగీకరించుచున్నాను. ఇందలి గుణదోషములను విజ్ఞులు విచారింతురుగాక.